గురుదోషం

దస్తగిరి తోడుతొడుగు వేసుకునే ముందు వేళ్ల కణుపులకు ఆముదం రాసుకుంటాడు. అలా రాయకూడదని స్థావరం నిబంధనల్లో స్పష్టంగా ఉంది. జిడ్డు తగిలితే తొడుగులోని స్పర్శతంతులు మందగిస్తాయట. పంతొమ్మిదేళ్లుగా రాస్తూనే ఉన్నాడు. తంతులూ మందగించలేదు, ఆయనా మానలేదు.

ఉదయం తొమ్మిదిలోపే ముగ్గురు శిష్యుల పని అయిపోయింది. శిష్యులు పైన ఆకాశంలో ఉంటారు, ఆయన కింద, కొండపాలెం స్థావరం ఆరో గదిలో ఉంటాడు. విమానంలో శిష్యుడు నడిపే కర్రను ఎలా పట్టుకుంటే ఆ పట్టు ఈయన తొడుగులోకి వస్తుంది. ఈయన కొంచెం నొక్కితే ఆ నొక్కు అక్కడి చేతికి తగులుతుంది, విమానం దానికీ లొంగుతుంది. ఇవాళ మొదటివాడు సిటీ బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. రెండో అమ్మాయికి భయం కాస్త తగ్గింది. మూడోవాడికి నిద్ర చాల్లేదని వాడి బొటనవేలే చెప్పేసింది. ఒక్కొక్కరూ దిగగానే, ఎవరు ఏ దళంలో ఉండాలో తేల్చే యంత్రం తూకం గోడలోంచి అడిగింది, చేయి నిలిచిందా, తప్పిందా అని. మూడుసార్లూ నిలిచింది అన్నాడు. తూకానికి ఈ రెండు మాటలే కావాలి. "పర్వాలేదు, నేర్చుకుంటుంది" లాంటివి చెబితే విననట్టే మళ్లీ అదే ప్రశ్న వేస్తుంది.

నాలుగో పేరు మైలపల్లి నూకరత్నం.

ఇరవై రెండేళ్ల పిల్ల. సముద్రం ఒడ్డున వేటకెళ్లే కుటుంబం. నభోదళంలో చేరి పద్నాలుగు నెలలైంది. దస్తగిరి తొడుగులోకి ఇంతవరకు నలభై ఒక్క చేతులు వచ్చాయి. వాటిలో ఇంత మంచి చేయి లేదు. ఈ సంగతి ఆయన మెస్సులో అందరికీ చెప్పాడు, ఇంట్లో భార్య మాబున్నికి విసుగొచ్చేదాకా చెప్పాడు. నూకరత్నానికి మాత్రం చెప్పలేదు. పొగిడితే పట్టు సడలుతుందని ఆయన భయం.

అలాంటి పిల్ల పక్షం రోజుల్లో రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకేచోట, తీరం దాటగానే, విమానం ఉన్నట్టుండి ఎత్తు కోల్పోయింది. మూడోసారి తప్పితే నభోదళంలో చోటుండదు. వేరే దళం ఏదైనా ఆమెను తీసుకోవచ్చు, కాని వెనక సీట్లో పరిశీలకురాలిగానే. కర్ర మళ్లీ జన్మలో ముట్టుకోనివ్వరు.

ఆ రెండు "తప్పింది"లూ దస్తగిరే చెప్పాడు, చెప్పక తప్పలేదు. అయినా ఆయన అరచేయి నమ్మలేదు. చేయి నిజంగా జారితే వెంటనే వేళ్లు ఉలిక్కిపడతాయి. ఆమె వేళ్లు ఉలిక్కిపడలేదు. అందుకే ఇవాళ పైకి పంపే ముందు క్యాంటీన్‌కు పిలిచి, టీ చేతికిచ్చి, కావాలనే దించావా అని సూటిగా అడిగేశాడు.

 నూకరత్నం దాచకుండా అంతా చెప్పింది. సాగరదళానికి బదిలీ చేయమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ తూకం ఒకే జవాబు ఇచ్చింది, ఈ హస్తం నభోదళానికి అవసరం, బదిలీ లేదు అని. సాగరదళంలో నీటిచూపు విమానాలుంటాయి. నీళ్లకు యాభై మీటర్ల ఎత్తున తిరుగుతూ, తప్పిపోయిన పడవల్ని వెతుకుతాయి. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న పడవ నాలుగు రోజులు కనిపించలేదు. అయిదోరోజు పొద్దున ఒక నీటిచూపు కనిపెట్టింది. వెళ్తూ వెళ్తూ వాళ్ల పాక మీదుగా రెక్కలు ఊపి మరీ వెళ్లింది. తీరా ఈమె పెద్దయ్యేసరికి నభోదళంలోనే ఖాళీలు పడ్డాయి. ఎగరడం ఎక్కడైనా ఎగరడమే కదా అనుకుని చేరిపోయింది. పన్నెండు కిలోమీటర్ల మీదినుంచి చూస్తే సముద్రం ఉత్త నీలం రంగు అని చేరాకే తెలిసింది.

"ఇయ్యాల మూడోది సార్," అంది. "తప్పింది అనీయండి. నానెల్లిపోతాను."

"ఈ చెయ్యి పెట్టుకొని యెనక సీట్లో కూచుంటావా?"

"ఎనకాల సీటైతే ఏటి సార్. నీళ్లు కనిపిత్తాయి గదా."

దస్తగిరికి ఒళ్లు మండిపోయింది. తూకం మీద కోపం, పిల్ల మీద కోపం, పద్నాలుగు నెలలు ఆ చేతిని పట్టుకుని కూడా సంగతి పసిగట్టలేని తన మీద ఇంకా కోపం. పోయి తయారవమ్మా అని మాత్రం అన్నాడు.

గంట సమయముంది. పంతొమ్మిదేళ్లలో ఆముదం పేజీ తప్ప చూడని నిబంధనల గ్రంథాన్ని మొదటిసారి మొదటినుంచి తిరగేశాడు. నలభయ్యో ప్రకరణంలో ఒక చిన్న పేరా, దాని పేరు గురుదోషం. తప్పు గురువు చేతినుంచి వచ్చినట్టు రుజువైతే శిష్యుడి పాత తప్పులన్నీ రద్దవుతాయి. చెడు అలవాటు ఆ దళంలో పాకకుండా శిష్యుణ్ణి అతను కోరిన మరో దళానికి పంపాలి, ముందు సీటులోనే పంపాలి. గురువు దగ్గర తొడుగు శాశ్వతంగా తీసుకోవాలి. ఈ నిబంధన ఇంతవరకు ఎవరూ వాడలేదని కింద రాసి ఉంది. ఎలా వాడతారు? తప్పు నాది అనే గురువును భూతద్దం పెట్టి వెతకాలి. దస్తగిరి కూడా అలాంటివాడేం కాదు. ఒక శిష్యుడి దిగుడు గురించి తూకంతో మూడు రోజులు వాదించిన మనిషి.

తొడుగు లేకుండా ఎలా బతకాలో ఆయనకు తెలియదు. సెలవు రోజున ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడడు. నిద్రలో కూడా ఆయన కుడిచేయి విమానాలు దించుతూనే ఉంటుందని మాబున్ని నవ్వుతుంది. గ్రంథం మూసేసి చాలాసేపు తన చేయి చూసుకున్నాడు.

పదకొండింటికి నూకరత్నం పైకి లేచింది. చేయి నిదానంగా ఉంది. తెర మీద తీరం దగ్గరపడుతుంటే ఆమె పట్టు కొంచెం బిగిసింది. అబద్ధం చెప్పబోయే మనిషి గొంతు సవరించుకున్నట్టు. ఆమె దించకముందే దస్తగిరి తన అరచేత్తో కర్రను ముందుకు నొక్కాడు.

ఆమె వేళ్లు ఉలిక్కిపడ్డాయి.

"సార్?"

"చెయ్యి వదులుగా పెట్టుకో పాపా. దించుతాండేది నేను."

వెయ్యి మీటర్లు, అయిదొందలు, వంద. తెర మీద నీళ్లు పైకి లేచి వస్తుంటే దస్తగిరి కుర్చీలో వెనక్కి జరిగాడు. కడప జిల్లాలో పుట్టిన మనిషి, బావిని మించిన నీటిని ఎన్నడూ నమ్మలేదు. యాభై దగ్గర ఆపాడు.

 నూకరత్నం ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది. ఆ పచ్చగా ఉన్నచోట కింద ఇసుక మేట ఉందంది. ఆ నురగ గీత దగ్గర రెండు నీళ్లు కలుస్తాయి, పడవ దారి తప్పితే అటే కొట్టుకుపోతుంది, వెతికితే అక్కడే వెతకాలి అంది. దస్తగిరికి ఎటు చూసినా నీళ్లే కనిపించాయి. ఆయన నొక్కు ఎప్పుడు తీసేశాడో ఆయనకే తెలియదు. విమానం యాభై మీటర్ల మీద గీత గీసినట్టు సాగిపోతోంది, నడుపుతున్నది ఆమె ఒక్కతే. ఈ పిల్లను ఇన్నాళ్లూ నీళ్లకు ఎంత దూరంలో ఉంచామో అనుకున్నాడు.

ఎత్తు తప్పింది కాబట్టి దిగేదాకా ఆగకుండానే తూకం అడిగింది.

"నిలిచిందా, తప్పిందా?"

"తప్పింది."

తూకం ఎప్పుడూ ఆలస్యం చేయదు. ఇప్పుడు చేసింది. స్పర్శ నమోదును మొదటినుంచి చూసుకుంటున్నట్టుంది.

"ఎవరిది?"

ఆ ప్రశ్న ఈ స్థావరంలో ఇంతవరకు ఎవరూ వినలేదు.

"నాది," అన్నాడు దస్తగిరి. "నా చెయ్యే నొక్కింది. రాసుకో."

గురుదోషం నమోదైందని తూకం చెప్పింది. శిష్యురాలి పాత తప్పులు రెండూ రద్దు. సాగరదళం, ముందు సీటు. గురువు తొడుగు తీసివేయాలి.

"పాప దిగనీ. దిగినాక తీస్తా."

ఆ మాటలన్నీ నూకరత్నానికి వినిపించాయి. "ఏటి సేసేరు సార్ మీరు," అంది. 

"ముందు దిగు పాపా. నీ అంత చెయ్యి నేను సూళ్లేదు. సక్కగా దిగు."

ఆమె విమానాన్ని ఒక్క కుదుపు లేకుండా దించింది. ఆయన ఎక్కడా వేలు కదపలేదు. చక్రాలు ఆగాయి. ఇంజను ఆగింది. ఇక కర్ర పట్టుకోవలసిన పని లేదు, అయినా ఆమె పట్టు వదలలేదు. ఆయనా తొడుగు తీయలేదు. తీయమని తూకం రెండోసారి చెప్పింది, మూడోసారి చెప్పింది.

అంతలో పక్క గదిలో ఎవరో గురువు తన శిష్యుడి గురించి తప్పింది అన్నాడు. "ఎవరిది?" అని తూకం అడగడం గోడ అవతలినుంచి వినిపించింది. చాలాసేపటి వరకు జవాబు రాలేదు.