ఇమామ్ నడక

నందికొట్కూరులో చలి ఇంకా వదలలేదు. షంషాద్ బీ ఉగ్గానికి బొరుగులు నానబెట్టి, పొయ్యి మీద తాలింపు వేస్తోంది. వరండాలో ఆమె భర్త ఇమామ్ పొద్దుటి నమాజుకు వజూ చేసుకుంటున్నాడు. ముఖం, చేతులు కడుక్కున్నాడు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తోలు మేజోళ్ళు తీయకుండా, వాటి మీదే తడి చేత్తో తుడుచుకున్నాడు. అట్లా చేయడానికి మతం ఒప్పుకుంటుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నది కాబట్టి కూతురు షాహనాకు అందులో వింతేమీ కనిపించలేదు.

షాహనా మైదుకూరులో హైస్కూలు టీచరు. తండ్రిని సైనిక ఆసుపత్రికి తీసుకుపోవడానికి సెలవు పెట్టి వచ్చింది. ఆ సాయంత్రమే రైలు. సైన్యంలో ఉండి మంచుకొండల్లో కాపలా కాసినప్పుడు ఇమామ్ కాళ్ళు దెబ్బతిన్నాయి. ఉద్యోగం నుంచి దిగేటప్పుడు డాక్టర్ల బోర్డు అడిగితే, బాగున్నానన్నాడు. వాళ్ళు నడిపించి మాత్రం చూసి, అదే రాసుకున్నారు. వైకల్య పింఛను రాలేదు. ఇప్పుడు ఒక ఏటీఎం ముందు పొద్దంతా నిలబడి కాపలా కాస్తున్నాడు. ఇంకా అట్లాగే నిలబడితే పాదాలకే ముప్పని ఊళ్ళో డాక్టరు చెప్పాడు. మాజీ సైనికుల అర్జీలు చూసే ఓబన్న పట్టు విడవకుండా తిరిగి, బోర్డు ముందుకు వెళ్ళే అవకాశం మరోసారి తెప్పించాడు. ఈసారి కూడా బాగున్నానంటే ఇక దారి లేదు.

ఎండ పడేసరికి ఓబన్న వచ్చాడు.

“వదినా, బజ్జీలు యాడ? బజ్జీలు లేకుండా ఉగ్గాని దిగదు నాకు.”

“ముందు పని కానీ అప్పా. బజ్జీలు యాడికీ పోవు.”

ఓబన్న కుర్చీలో నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడు నేను కర్నల్ డాక్టరును. లోపలికి రా. కైసే హో, జవాన్?”

ఇమామ్ నడిచి వచ్చాడు. మడమలు కలిపి, ఛాతీ విరిచి నిలబడ్డాడు. “ఏక్‌దమ్ ఠీక్, సాబ్!”

“నీ నోట్లో మన్ను పడ! ఆ మాట అనొద్దనే కదప్పా వారం నుంచి మొత్తుకుంటాండా?”

“ఆఫీసరు అడిగితే నోరు దానంతటదే అంటాది.”

“నేనేం ఆఫీసర్నా? సుబేదారుగా దిగినోన్ని.”

“కుర్చీలో కూర్చున్నావు కదా, చాలు.”

వంటింట్లో షంషాద్ బీ నవ్వింది. మళ్ళీ అడిగినా అదే జవాబు వచ్చింది. ఈసారి షాహనా లేచి నిలబడింది.

“ఇది అలవాటు కాదు నాయనా, మొండితనం. నిజం చెప్పమని నేను పిల్లలకు రోజూ చెప్తాండా. ఇంట్లో నువ్వు చేస్తాండేదేమి?”

“సిపాయి ఏడ్చి దుడ్లు అడుక్కుంటాడామ్మా?”

“అడుక్కోవడమా? అది నీ హక్కు. రేపు నీకు కాళ్ళు లేకపోతే మోసేదెవరు, అమ్మనా?”

“నా కాళ్ళకేమైంది? చూడు, ఎట్ల నడుస్తాండానో.”

వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. వీధంతా మెచ్చుకునే నడక అది. ఎక్కడా తూలలేదు.

“అట్లైతే నాతో పనేముంది? మధ్యాహ్నం బస్సుకే మైదుకూరు పోతా,” అంది షాహనా.

షంషాద్ బీ గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది. ఇప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

“షాహనా వాళ్ళ నాయనా, ఆ మేజోళ్ళు తియ్యి.”

“షంషాద్!”

“రేపు పరాయోళ్ళ ముందు తీయాల కదా. ముందు నీ బిడ్డ ముందు తియ్యి. నేను దాచింది చాలు.”

ఓబన్న లేచి గడప దాటాడు. వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇమామ్ చాప మీద కూర్చున్నాడు. ఒక్కో మేజోడూ లాగాడు. వాటితోపాటు మడిచి కుక్కిన గుడ్డ ఉండలు బయటపడ్డాయి. వేళ్ళు ఉండవలసిన చోట ఉన్నవి ఆ గుడ్డలే. రెండు పాదాలూ సగంలోనే ఆగిపోయాయి. కొసన చర్మం నున్నగా మెరుస్తోంది. బరువు ఆనే చోట పుండు మాని, మళ్ళీ పగిలి, మళ్ళీ మానింది.

షాహనాకు శ్రీశైలం డ్యాము గేట్లు ఎత్తిన రోజు గుర్తొచ్చింది. జనంలో ఏమీ కనిపించడం లేదని తను ఏడిస్తే, నాయన భుజాల మీద కూర్చోబెట్టుకుని ఆ ఎత్తంతా ఎక్కాడు. ఆ రోజు తను నీళ్ళను చూసి నోరు తెరిచింది. అంతకంటే పెద్ద అద్భుతం తన కిందనే నడుస్తోందని ఎరగదు.

“ఎట్ల నడిచినావు నాయనా?”

ఇమామ్ తల దించుకున్నాడు. షంషాద్ బీ చెప్పింది.

“ఆసుపత్రి నుంచి కుంటుకుంటా వస్తే, నువ్వు ఎవరో అనుకుని మంచం కింద దాక్కున్నావు. మా నాయన ఇట్ల నడవడన్నావు. శానా చిన్నదానివి. అప్పట్నుంచీ నువ్వు బడికి పోయినాంక తలుపేసుకుని, గోడ పట్టుకుని నేర్చుకునేటోడు. పడేటోడు. మళ్ళా లేచేటోడు.”

షాహనా చాప మీద కూర్చుని ఆ పాదాలను ఒడిలోకి తీసుకుంది.

“వద్దమ్మా,” అన్నాడు ఇమామ్.

“నేనిప్పుడు దాక్కోను నాయనా. రేపు నీకు ఎట్ల వస్తే అట్ల నడువు.”

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. కూతురి తల మీద చెయ్యి పెట్టి అట్లాగే కూర్చున్నాడు.

మర్నాడు బోర్డు గది తలుపు తెరిచే ఉంది. షాహనా బయట బెంచీ మీద కూర్చుంది. బల్ల వెనక డాక్టరమ్మ తలెత్తి, ఎలా ఉన్నారని హిందీలో అడిగింది. ఇమామ్ మడమలు వాటంతటవే దగ్గరికి వచ్చాయి. నోరు తెరిచి, ఆగాడు. ఒకసారి తలుపు వైపు చూశాడు. విరిచిన ఛాతీ మెల్లగా దిగింది.

“తక్లీఫ్ హై, మేడమ్. నడవడం కష్టంగా ఉండాది.”

పరీక్ష చేసే మంచం గది ఆ చివర ఉంది. ఇమామ్ వట్టి పాదాలతో అటు నడిచాడు. ఒళ్ళు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఒరిగింది. చెయ్యి గోడను వెతుక్కుంది. పట్టుకోబోయిన నర్సును వద్దని సైగ చేశాడు.

తరగతిలోకి పెద్దలు వచ్చినప్పుడు పిల్లలు లేచినట్టు, షాహనా బెంచీ మీంచి లేచింది. ఆయన మంచం చేరేదాకా అట్లాగే నిలబడింది.