కోస్తాకి తోడు కావలెను

లైప్‌జిగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సోనా మసూరి ఎక్కడ చవక, ఇల్లు ఎవరు ఖాళీ చేస్తున్నారు అన్న కబుర్ల మధ్య ఆ రోజు ఒక మెసేజ్ వచ్చి పడింది.

"వచ్చే ఏడాది వానాకాలంలో కోస్తా ట్రిప్. బాగా తక్కువ బడ్జెట్. ఖర్చులు పంచుకోవడానికి తోడు కావలెను. – ప్రవీణ."

అది కరోనా మొదటి ఏడాది, అక్టోబరు నెల. సిద్దిపేట నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న భార్గవ్‌కి ఆ పూట పని తక్కువ, పరోపకార బుద్ధి ఎక్కువ. ఎవరీ ప్రవీణ అని కూడా ఆలోచించకుండా టైపు చేసేశాడు.

"ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్. అక్కణ్ణుంచి రాత్రి ట్రైన్ ఎక్కితే తెల్లారేసరికి బాపట్లలో దిగొచ్చు. స్లీపర్ చాలు, ఏసీ దండగ. పై బెర్త్ తీసుకోండి, ఎవరూ లేపరు. బీచ్‌కి ఆటోలుంటాయి, బేరమాడాలి."

పంపించి, ఒక మంచి పని చేసినవాడిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. జవాబు వెంటనే వచ్చింది.

"మాది బాపట్లేనండీ. మా ఊరికి నాకే దారి చెప్పారు, చాలా థాంక్స్. నేను వెళ్ళాలనుకుంటున్నది కోస్తా రికా. సెంట్రల్ అమెరికాలో ఉంటుంది. ఆటోలు ఉండవనుకుంటా."

గ్రూపంతా నవ్వే బొమ్మలతో నిండిపోయింది. పక్క గదిలోంచి, అదే గ్రూపులో ఉన్న రూమ్మేట్ మైకేల్ నవ్వు గోడ దాటి వినిపించింది. భార్గవ్ ఫోన్ని దిండు కింద దాచాడు. దాచినంత మాత్రాన పరువు తిరిగి రాదు కదా! కాసేపటికి మళ్ళీ తీసి, ఆమెకి విడిగా మెసేజ్ పెట్టాడు.

"సారీ అండి. అందరు కోస్టారికా అంటరు. మీరు కోస్తా అని రాసిన్రు."

"స్పానిష్‌లో అలాగే పలుకుతారండీ. యాప్‌లో నేర్చుకుంటున్నా. అర్థం కూడా మనదే, సముద్రపు ఒడ్డు అని. మన కోస్తా కూడా పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చిన మాటేనట."

భార్గవ్ ఆ మెసేజ్ వంక అలా చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పటి నుంచి వార్తల్లో 'కోస్తాలో భారీ వర్షాలు' అని వింటున్న మాట, సముద్రాలు దాటుకుని వచ్చిందా!

"అవునూ, ఆటో బేరం సంగతి కూడా తెలుసంటే మా బీచ్‌కి బాగానే వచ్చినట్టున్నారే?"

"రాలే. యూట్యూబ్‌ల చూసిన."

"పోనీ వైజాగ్?"

"లేదండి."

"అసలు సముద్రం చూశారా?"

భార్గవ్ టైపు చేశాడు, చెరిపాడు, మళ్ళీ చేశాడు. "చూడలే. టెన్త్‌ల వైజాగ్ టూర్ పెట్టిన్రు. సరిగ్గ గప్పుడే నాకు అమ్మోరు పోసింది."

ఈసారి ఫోనే మోగింది. "ఏంటండీ! ఇంత వయసొచ్చి సముద్రం చూడలేదా? విమానంలో వచ్చేటప్పుడైనా కిందకి చూడలేదా?"

"మధ్యల సీటండి. చవకని తీసుకున్న."

అవతల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ నవ్వు ఎంత సేపున్నా ఫర్వాలేదనిపించింది అతనికి.

చలికాలం వచ్చేసరికి లాక్‌డౌన్ బిగిసింది. బయటివాళ్ళని కలవాలంటే ఒకసారికి ఒక్కరినే కలవాలని రూలు పెట్టారు. ఎవరికి వాళ్ళు ఆ ఒక్కరు ఎవరా అని ఎంచుకుంటున్న రోజుల్లో ప్రవీణ నుంచి మెసేజ్ వచ్చింది.

"నా ఒక్కరు మీరే. శనివారం పార్కుకి రండి. ప్లానింగ్ ఉంది."

ప్లానింగ్ అన్న మాట భార్గవ్ కంటికి ఆననే లేదు. 'నా ఒక్కరు మీరే' దగ్గరే ఆగిపోయాడు.

"పండుగనా ఏందిరా, గడ్డం గీస్తున్నవ్?" అన్నాడు మైకేల్, అతని యాసని వెక్కిరిస్తూ. మైకేల్‌ది గుంటూరు.

"మాస్క్ సరిగ్గ నిలవాలె గద," అన్నాడు భార్గవ్.

పార్కులో మంచు కురుస్తోంది. ఊలు టోపీకీ మాస్కుకీ మధ్య రెండు కళ్ళు మాత్రం కనిపిస్తూ ఒకమ్మాయి బెంచీ పక్కన నిలబడి ఉంది. ఆ కళ్ళకే సగం తడబడ్డాడు భార్గవ్. ఆమె ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసి అతనికో కప్పు ఇచ్చి, తను తాగడానికి మాస్కు కిందకి దించింది. అంతే, అతను టీ సంగతి మరిచిపోయాడు. ఒక మనిషి ముఖం మొత్తంగా చూడటం ఇంత పెద్ద విషయమని ఆ ఏడాదికి ముందు ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు.

"చల్లారిపోతుందండీ," అంది ప్రవీణ.

ఆ శనివారంతో మొదలై అన్ని శనివారాలూ వాళ్ళవైపోయాయి. నడుస్తూ ప్లాన్ చేసేవారు. వానాకాలంలో అక్కడ గదులు సగం ధరకే దొరుకుతాయి కాబట్టి తడుస్తూ తిరగాలి. కారు వద్దు, ఊళ్ళ బస్సులు చాలు. దారిలో కనిపించిన ఖాళీ సీసాలు కూడా వదిలేవారు కాదు. సూపర్ మార్కెట్లో మెషీన్‌కి ఇస్తే వచ్చే సీసా డిపాజిట్, అదే ఫాండ్ చిల్లరంతా కోస్తా ఖాతాకే.

"తిండి ఎట్లండి?"

"సోడాల్లో తిందాం."

"సోడా తాగుతరు గద!"

"అక్కడ చిన్న హోటల్ని సోడా అంటారు. అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయ పెడతారు."

"అన్నమా? ఇగ మనూరే అనుకోరాదు!"

ఒక శనివారం అడిగాడు. "ఇన్ని దేశాలుండంగ గక్కడికే ఎందుకు?"

ప్రవీణ దారిలో దొరికిన సీసా మీది మంచు తుడిచింది. "చిన్నప్పుడు తెల్లవారకముందే మా నాన్న నన్ను సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్ళాడండీ. ఒక సముద్ర తాబేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతోంది. దాని కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. నేనూ ఏడ్చేశా. ఒక్కత్తే వచ్చింది, పాపం దీనికి ఎవరూ లేరా అని. తర్వాతెప్పుడో చదివా, అదే జాతి తాబేళ్ళు కోస్తా రికాలో ఒకచోట వేలకి వేలు కలిసి ఒడ్డెక్కుతాయని. ఆ బలగాన్ని చూడాలి నేను."

ఎప్పుడో చూసిన తాబేలు ఒంటరిదేమోనన్న దిగులుతో దేశం కాని దేశానికి బయలుదేరే మనిషి ఉంటుందా? ఉంది. పక్కనే నడుస్తోంది, చేతిలో ఖాళీ సీసా పట్టుకుని.

"మరి నేను ముందుగాల బాల్టిక్ సముద్రమన్న చూసొస్త. గక్కడ మొత్తం కొత్తోని లెక్క నిలబడొద్దు గద. ట్రైన్‌ల పోతే పొద్దుగూకేలోపు వస్త."

"వద్దు!" ప్రవీణ టక్కున ఆగింది. "అలా సగం సగం చూడకూడదు. మీ మొదటి సముద్రం నేను చూపిస్తా. అప్పటిదాకా దాచుకోండి."

దాచుకున్నాడు.

రెండో వేసవి వచ్చింది. వ్యాక్సిన్‌కి టెర్మిన్‌లు, అంటే అపాయింట్‌మెంట్లు దొరికాయి, మనుషులు బయటికొచ్చారు. ప్రవీణకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. సామాను వ్యాన్‌లోకి ఎక్కించింది భార్గవే. కొన్నాళ్ళకి ఆమె ఫోన్ చేసింది.

"ప్రొబెట్సైట్‌లో, అదే ప్రొబేషన్‌లో ఉన్నానండీ. కొత్తలోనే అన్ని రోజుల సెలవు అడిగితే బాగోదు. వచ్చే ఏడాది సంగతి కూడా చెప్పలేను. మీరు నా కోసం ఆగకండి. మైకేల్ వాళ్ళు బాల్టిక్ వెళ్తున్నారటగా, మీరూ వెళ్ళి చూసేయండి."

"సరే అండి," అన్నాడు భార్గవ్. ఫోన్ పెట్టేశాక తెలిసింది, తను ఎదురు చూస్తున్నది సముద్రం కోసం కాదని.

మైకేల్ వదల్లేదు. బలవంతంగా కారెక్కించాడు. సాయంత్రం గ్రూపులో ఫొటో పెట్టాడు. అందరూ నీళ్ళ వైపు చేతులు చాపి నవ్వుతున్నారు. వెనకాల ఒక్కడు మాత్రం సముద్రానికి వీపు తిప్పి, పార్కింగ్‌లోని కార్లని తదేకంగా చూస్తూ ఇసుకలో కూర్చున్నాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫోన్ వచ్చింది. "ఆ కార్లు చూస్తున్న మనిషి ఎవరండీ?"

"నేనే."

"చెవులకి అవేంటి?"

"హెడ్‌ఫోన్స్. చప్పుడు గూడ వినొద్దని."

"నేను చూసేయమన్నా కదా!"

"అన్నరు. గని చూపిస్తనని అంతకు ముందే అన్నరు. అదే లెక్క." ఇక దాచలేకపోయాడు. "మీరు పక్కకు లేకుంటె నాకది ఉత్త నీళ్ళేనండి."

అవతలి నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"రేపు మా బాస్‌ని అడుగుతా," అంది ప్రవీణ చివరికి.

తాబేళ్ళ కథంతా ఆమె జర్మన్‌లో ఎలా చెప్పిందో గానీ, ఆ బాస్ సెలవిచ్చి, ఫొటోలు చూపించాలని షరతు పెట్టాడట.

అక్టోబరులో కోస్తా రికా వానలో మునిగి ఉంది. బస్సు బురదలో దిగబడితే దిగి నెట్టారు. సోడాల్లో అన్నం తిన్నారు. తాబేళ్ళు ఒడ్డెక్కే పల్లెటూరికి చేరాక కూడా ఆగాల్సి వచ్చింది. తాబేళ్ళు ఫలానా రోజు వస్తామని టెర్మిన్ ఇవ్వవు కదా! అన్నాళ్ళూ భార్గవ్ బస గుమ్మం దాటి ఒడ్డు వైపు తల తిప్పలేదు. హోరు వినపడితే హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాడు.

ఒక తెల్లవారుజామున, తాబేళ్ళు వస్తున్నాయని ఆ ఊరి గైడమ్మ తలుపు తట్టింది. ప్రవీణ తన చున్నీతో అతని కళ్ళకి గంతలు కట్టి, హెడ్‌ఫోన్స్ లాగేసింది.

"రండి," అని చెయ్యి పట్టుకుంది. మొదటిసారి.

కాళ్ళ కింద ఇసుక చల్లగా మారింది. ఆ హోరు ముందు చెవుల్లోకి, తర్వాత గుండెల్లోకి వచ్చింది. గైడమ్మ ఏదో అడిగింది. ప్రవీణ "కోస్తా" అని జవాబిచ్చింది. గైడమ్మ పకపకా నవ్వింది.

"ఏమడిగింది?"

"మీదెక్కడ అని. కోస్తా అన్నా. మాదీ కోస్తాయే అంటోంది." ముడి విప్పింది. "ఇప్పుడు చూడండి."

భార్గవ్ చూశాడు.

నీళ్ళు. అవతలి గట్టు లేని నీళ్ళు. చిన్నప్పుడు నిండు చెరువు చూసి ఇంతకన్నా ఏముంటుందిలే అనుకున్నవాడి ముందు ఆకాశం దాకా నీళ్ళు. ఆ అలల్లోంచి ఒకటి వెనక ఒకటి, పక్కన ఇంకొకటి, ఒకదాన్నొకటి రాసుకుంటూ తాబేళ్ళు వస్తున్నాయి. కనుచూపు మేర ఒడ్డంతా కదులుతోంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ దారి చెప్పలేదు. అన్నీ ఒకే తెల్లవారుజామున ఒకే చోటికి వచ్చేశాయి. వాన మొదలైంది. అవి ఆగలేదు. భార్గవ్ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఇంత ఉంటదా!" అన్నాడు ఎంతోసేపటికి.

ప్రవీణ సముద్రం వైపు చూడటం లేదు. సముద్రాన్ని మొదటిసారి చూస్తున్న ముఖాన్ని చూస్తోంది.

"ఒక్కత్తే కాదు," అంది మెల్లగా. "దీనికి ఇంతమంది ఉన్నారు."

భార్గవ్ ఆమె చెయ్యి వదల్లేదు. "ప్రవీణ గారు, మీ కోస్తా గూడ నాకు మీరే చూపియ్యాలె. మీ నాయనతోని మాట్లాడాలె. ఎట్ల రావాల్నో చెప్పున్రి."

ప్రవీణ ముఖం మీద వాన కారుతోంది. పెదవి బిగించి నవ్వాపుకుంటూ, ఏనాడో కంఠతా వచ్చేసిన పాఠంలా అప్పగించింది.

"ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్. అక్కణ్ణుంచి రాత్రి ట్రైన్ ఎక్కితే తెల్లారేసరికి బాపట్లలో దిగొచ్చు. స్లీపర్ చాలు, ఏసీ దండగ." 'అండీ'లన్నీ పక్కన పెట్టేసి, మొదటిసారి నువ్వు అంది. "పై బెర్త్ నువ్వు తీసుకో. కింద బెర్త్ నాది."