పగటి దాహం

పొద్దున్నే పసిదానికి పాలు పట్టి, సుగుణ తన అత్త ఆగమ్మ చేతిలో సర్పి గోలీ పెట్టి, చెంబు నిండా నీళ్లిచ్చింది. ఆగమ్మ నడుముకు ఒక పక్కంతా నిప్పులు పోసినట్టు పొక్కులు లేచాయి. ఎర్రమన్ను పూస్తే చాలన్నవాళ్లను కాదని ఆమెను పటాన్‌చెరు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది సుగుణే.

"ఈ గోలీలు వాడినన్నాళ్లు నీళ్లు బాగా తాగించు. తక్కువైతే కిడ్నీల మీద పడుతుంది. పెద్దామె కదా, మాట తికమకపడినా, మూత్రం తగ్గినా గోలీ ఆపి వెంటనే తీసుకురా" అని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఏడో తరగతిలోనే బడి మానేసిన సుగుణ ఆ మాటల్ని నెమరువేసుకుంటూనే ఉంది.

"తాగినవా అత్తమ్మా?"

"తాగిన తియ్యి. పోలీసోని లెక్క అడుగుతవేందే!" ఆగమ్మ నవ్వింది. "ముందుగాల నువ్వు తాగు. పిల్లతల్లివి, పాలు యాడికెళ్లి వస్తయ్?"

ఆ మంటతోనే ఆమె మనవరాలి గుడ్డలు ఉతికేది. పట్టపగలు కోడలికి బయటికెళ్లే అవసరం పడితే ఫ్యాక్టరీ గోడ వెనక్కి తోడెళ్లి, లారీలకు అడ్డంగా కొంగు పట్టి నిలబడేది. ఇలాంటి అత్త ఎంతమందికి దొరుకుతుందని సుగుణ మురిసిపోయేది.

మధ్యాహ్నానికి ఆగమ్మ మాట మారింది. "బర్రెను కట్టెయ్యుండ్రి, పొద్దుగూకింది" అంది. ఆ ఇంట్లో బర్రె లేక ఏళ్లయింది. సుగుణను చూసి, "ఎవలమ్మా నువ్వు?" అంది.

చూసిపోదామని వచ్చిన ఆడబిడ్డ సోమమ్మ గుండెలు బాదుకుంది. "మా అవ్వను పిచ్చిదాన్ని జేస్తివి గదనే! సర్పికి ఎవలన్న గోలీలేస్తరా? గాలి సోకింది. మంత్రం ఏపిద్దాం."

"గాలి గాదు వదినె. డాక్టరమ్మ ముందుగాలనే చెప్పింది. దవాఖానకు పోవాలె."

"మల్ల ఆమె తానికేనా? ఇంకేం మిగిలిందని?"

అత్తను తన చేతులతో తానే చంపుకుంటోందా అనుకుంది సుగుణ. అయినా పసిదాన్ని సోమమ్మ ఒళ్లో పెట్టింది. "ఆటోల కూసోని తిట్టు వదినె. నడువు."

దవాఖానలో సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీరే లేదనీ, ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు దక్కేవి కావనీ డాక్టరమ్మ చెప్పింది. మర్నాటికి ఆగమ్మ కోడలిని గుర్తుపట్టింది.

"నీళ్లు తాగిన అన్నవు గద అత్తమ్మా!" సుగుణ ఏడుస్తూ నిలదీసింది.

ఆగమ్మ మొహం తిప్పుకుంది. "గోలీకి గుక్కెడు తాగి, కడమయి పారబోసిన. పగటిపూట యాడికి పోవాలె బిడ్డా? తుప్పలన్ని కొట్టేసిరి. నీకైతే తోడు నేనున్న. పసిపిల్లను ఇడిసి నువ్వు నా ఎంబడి వస్తవా? పెండ్లయిన కాడికెళ్లి చీకటి పడ్డంకనే తాగుడు నాకు."

సోమమ్మ తల దించుకుంది. అత్తింట్లో తనదీ అదే బతుకు. "ఊకె నిన్ను తిడితినే" అంటూ సుగుణ భుజం పట్టుకుంది.

డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కొడుకు జంగయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. తల్లి ఇన్నేళ్లు దాహాన్ని ఎలా ఓర్చుకుందో అతనెన్నడూ అడగలేదు. "ఇయ్యాల్నే గుంత తీస్తనే అవ్వా. పాయఖాన కడ్త" అన్నాడు.

"కడుదువు గాని తియ్యి" అంది ఆగమ్మ. "ముందుగాల ఏడుపులు ఆపి, నన్నెవలన్న జెర తోల్కపోండ్రి. అన్ని సీసాలు ఎక్కించిరి, ఆగుతదా?"

అలా నోరు తెరిచి పట్టపగలు ఆమె అడగడం అదే మొదలు. కూతురూ కోడలూ ఒక్కసారే లేచారు.