ఎడమ చెవిలో సరస్సు

పది రోజులు సెలవు పెట్టి సరస్సు దగ్గరికి రమ్మని బంతి ఫోన్లో అడిగితే, పిచ్చుక కుదరదంది. మర్నాడు పొద్దున్నే బంతి మొగుడితో సహా కారేసుకుని వచ్చేసింది. గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని, "సంచీ నువ్వు సర్దుకుంటావా, నన్ను సర్దమంటావా? నేను సర్దితే అన్నీ స్వెట్టర్లే ఉంటాయి మరి" అంది.

ఇవి హాస్టల్లో పెట్టుకున్న పేర్లు. బొద్దుగా ఉండేది బంతి. రెండు ముద్దలు తిని లేచిపోయేది పిచ్చుక. ఇద్దరికీ నలభై దాటినా పేర్లు మాత్రం మారలేదు.

పిచ్చుక ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. చప్పుడు చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడగానే బటన్ నొక్కమంటుంది. వేసవి మొదట్లో జ్వరమొచ్చి తగ్గాక, ఒకరోజు అందరూ వెళ్ళిపోయిన తర్వాత ఆ గదిలో తనే కూర్చుంది. కుడి చెవి బాగుంది. ఎడమ చెవికి మిషను ఎంత గట్టిగా అరిచినా బటన్ నొక్కాల్సిన అవసరం రాలేదు. ఆ పరీక్ష కాగితం ఎవరికీ చూపించలేదు. చెవులు పరీక్షించే మనిషికే చెవుడొచ్చిందంటే ఉద్యోగంలో ఉంచుతారా? ఒక్క బంతికే చెప్పుకుని ఏడ్చింది.

అందుకే ఈ ప్రయాణం. బంతి ఆ మాట పైకి అనలేదు. కానీ కారులో, బల్ల దగ్గర, నడిచేటప్పుడు ఎప్పుడూ పిచ్చుకకి కుడి పక్కనే ఉండేది. బంతి భర్త ఇళ్ళు కట్టించే మేస్త్రీ. సరస్సు ఒడ్డున ఆ చెక్క ఇల్లు ఆయన చేతులతో కట్టుకున్నదే. నీళ్ళు కనపడే పెద్ద గది పిచ్చుకకిచ్చి, వాళ్ళిద్దరూ వెనక గదిలోకి మారారు. వద్దంటే ఆయన నవ్వేసి, "మాకు రోజూ ఉండేదేగా చెల్లెమ్మా" అన్నాడు. తెల్లారేసరికి తలుపు బయట వేడినీళ్ళు, మధ్యాహ్నం సూపు, సాయంత్రం గోడ పొయ్యిలో మంట.

ఆకులు రాలే కాలం. చుట్టుపక్కల విడిది ఇళ్ళన్నీ తాళాలేసి ఉన్నాయి. సరస్సు మీద పసుప్పచ్చ ఆకులు చాపల్లా తేలుతున్నాయి. చెక్క రేవు మీద ఒక పడవ బోర్లించి ఉంది. దాని వైపు బంతి చూసేది కాదు.

ఎందుకో పిచ్చుకకి తెలుసు. మూడేళ్ళ కిందట ఇదే రోజుల్లో అక్కాచెల్లెళ్ళు ఎక్కిన ఆ పడవ బోల్తా పడి బంతి అక్క మునిగిపోయింది. పెళ్ళి చేసుకోకుండా, బంతిని తల్లిలా పెంచిన అక్క. ప్రతి ఆదివారం హాస్టలుకొచ్చి ఇద్దరికీ తలంటి వెళ్ళేది. చెయ్యి జారిపోయిందే, అని బంతి అప్పుడు గుండెలు బాదుకుంది. రెండు రోజులకి శవం దొరికింది. ఇల్లు అమ్మేద్దామని మేస్త్రీ అంటే మాత్రం బంతి ఒప్పుకోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం. భోజనం చేసి పిచ్చుక కుడి పక్కకి ఒత్తిగిలి పడుకుంది. మంచి చెవి దిండులో కూరుకుపోయింది. అలా పడుకుంటే ఆమెకి ప్రపంచం స్విచ్ తీసేసినట్టే. ఆ నిశ్శబ్దానికి ఈమధ్యే అలవాటు పడుతోంది.

టప్...

కళ్ళు తెరిచింది.

టప్... టప్...

నీటి చుక్కలు. చచ్చిన చెవి కూడా ఒక్కోసారి గుయ్‌మంటుందని ఆమె రోజూ పేషెంట్లకి చెప్పేదే. కానీ ఇది గుయ్‌మనడం కాదు. తడిసిన బట్టల్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. మధ్యమధ్యలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. పీల్చడమే... వదలడం లేదు.

లేచి కూర్చుంది. కుడి చెవిలోకి ఇల్లంతా తిరిగొచ్చింది. వంటింట్లో గిన్నెలు, పెరట్లో మేస్త్రీ కట్టెలు కొడుతున్న దెబ్బలు. కుడి చెవిని వేలితో గట్టిగా మూసింది. అవన్నీ అణిగిపోయాయి. చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

భయం కంటే ముందు వృత్తి గుర్తొచ్చింది. ఎక్కడ పెరుగుతుందో చూద్దామనుకుంది. చెవిలో వేలు అలాగే ఉంచుకుని గదిలో నడిచింది. గోడ దగ్గర తగ్గింది. కిటికీ దగ్గర పెరిగింది. శాలువా కప్పుకుని బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే ఇంకా పెరిగింది. రేవు చివరికి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. నీళ్ళలోంచి కుళ్ళిన ఆకుల వాసన, బురద వాసన. ఎడమ చెవి పక్కన చల్లగా తగిలింది... ఎవరో మొహం దగ్గరగా పెట్టినట్టు.

"ఒక్కో వేలూ విప్పింది."

పిచ్చుక కదల్లేకపోయింది. ఆ గొంతు ఆమెకి తెలుసు. తలంటుతూ కళ్ళు మూసుకోమని చెప్పిన గొంతు.

"చిటికెన వేలు ముందు... తర్వాత ఉంగరం వేలు... ఒక్కో వేలూ విప్పింది."

ఎలా ఇంట్లోకొచ్చి పడిందో తెలియదు. బంతి వంటింట్లో రొట్టె కోస్తోంది. పిచ్చుక మొహం చూడగానే కత్తి పక్కన పెట్టేసింది.

"ఏమైందే?"

"ఏం లేదు. చలేసింది."

"ఏం లేకపోతే ఆ చెవి ఎందుకు పట్టుకున్నావ్?"

పిచ్చుక చూసుకుంది. తన చెయ్యి ఎడమ చెవిని మూసేసి ఉంది. వినపడని చెవిని.

పెరట్లో గొడ్డలి దెబ్బలు ఆగకుండా పడుతున్నాయి. బంతి తలుపు దగ్గరగా వేసి, కుడి పక్కకొచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"అక్కేనా?"

పిచ్చుక చెవి మీంచి చెయ్యి తీసేసింది.

"మూడేళ్ళనుంచి ఆ రేవు మీద చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నానే. నాకు ఒక్క ముక్క వినపడదు. నీకు వినపడింది. నీ మొహమే చెప్తోంది. ఏమంది?"

"బంతీ..."

"జారిపోలేదే." ఆ మాట అంటూ బంతి నేల మీద కూలబడింది. "పడవ అంచు ఒక చేత్తో పట్టుకున్నా. రెండో చేతిని అక్క పట్టుకుంది. ఇద్దరం దిగిపోతున్నాం. నోట్లోకి నీళ్ళు... నేను... ఆయనక్కూడా చెప్పలేదు. చెప్పు. నన్ను తిట్టిందా? ఎంత తిట్టినా పడతా. చెప్పవే."

పిచ్చుక ఆమె మొహం చూసింది. తన కోసం గది ఖాళీ చేసిన మనిషి. అడక్కుండానే ఎప్పుడూ కుడి పక్కన కూర్చున్న మనిషి. ఇప్పుడు నిజం చెప్తే బతుకుతుందా?

"నీ తప్పేం లేదంది" అంది పిచ్చుక. "నువ్వు బతికావు, అంతే చాలంది."

పిచ్చుక తనూ నేల మీద కూర్చుంది. బంతి ఆ ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. పిచ్చుక జుట్టు నిమురుతూ కూర్చుంది. మంచి పనే చేశాననుకుంది.

అప్పుడు ఎడమ చెవిలో చుక్కలు ఆగాయి. ఊపిరి ఆగింది. చాలా దగ్గరగా, చాలా నెమ్మదిగా...

"అయితే రమ్మను."

పిచ్చుక ఆ మాట చెప్పలేదు. చెప్పకపోతే వెళ్ళదు కదా అనుకుంది. ఆ సాయంత్రం బంతి మూడేళ్ళ తర్వాత కడుపునిండా తిన్నదని మేస్త్రీ మురిసిపోయాడు. "నువ్వొచ్చిన వేళావిశేషం చెల్లెమ్మా" అన్నాడు. ఆ మాటకి పిచ్చుక తలెత్తలేకపోయింది.

తెల్లవారి ఆమెని లేపింది మేస్త్రీ కేక.

బయట మంచు. ఎదురుగా చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచు. రేవు దాకా పరిగెత్తితే ఆయన చొక్కా లేకుండా నిలబడి ఉన్నాడు. పడవ లేదు. బంతి చెప్పులు పక్కపక్కనే, పొందికగా విడిచి ఉన్నాయి.

"తను పడవ ముట్టుకోదమ్మా!" అన్నాడాయన. "మూడేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు!"

ఆయన పిలిచాడు. ఆమె పిలిచింది. కేకలు మంచులో పడి అక్కడే ఉండిపోయాయి. పిచ్చుక ఎడమ చెవిని నీళ్ళ వైపు తిప్పింది. ఏదో ఒకటి వినపడాలని మొదటిసారి కోరుకుంది.

ఏమీ లేదు. మిషను ముందు కూర్చున్న రోజులాగే. ఏమీ లేదు.

"నిజం చెప్పి ఉండాల్సింది అన్నయ్యా..." అంది. ఆయనకి అర్థం కాలేదు. నడుముల్లోతు నీళ్ళలోకి అప్పటికే దిగిపోయాడు.

అప్పుడు కుడి చెవికి అందింది. తెడ్డు... ఆగి, మళ్ళీ తెడ్డు. ఒక్క చెవి మనిషికి చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు. అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంది. మేస్త్రీయే వేలు పెట్టి చూపించాడు.

మంచు చీల్చుకుని పడవ వచ్చింది. బంతి ఒక్కతే కూర్చుని ఉంది. ఒంటి మీద చుక్క తడి లేదు. స్వెట్టరు కుడి చెయ్యి ఒక్కటే మోచేతి దాకా తడిసి నీళ్ళోడుతోంది. నిదానంగా, అలవాటైన చేతులతో తెడ్లు వేస్తూ రేవుకి చేర్చింది. మొహం ప్రశాంతంగా ఉంది.

పిచ్చుక రేవు మీదే కూర్చుండిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేస్త్రీ నీళ్ళలోంచే పడవ అంచు పట్టుకుని, "నీకేమైనా మతిపోయిందా? ప్రాణాలు తీశావు కదే!" అంటూ చెయ్యందించాడు.

ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. కొంగు సర్దుకుంది. ఆయన చొక్కా లేకుండా ఉండటం చూసి, మర్యాదగా చూపు పక్కకి తిప్పుకుంది. తనంతట తనే రేవు మీదికి దిగింది.

"ఇంత చలిలో నీళ్ళలో ఎందుకు దిగారు మరిదిగారూ?" అంది. "లోపలికి పదండి."

మేస్త్రీ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. మూడేళ్ళుగా ఆయన్ని ఆ వరసతో పిలిచినవాళ్ళు లేరు.