మూడో లేన్, నాలుగో లేన్

ముందే ఒప్పేసుకుంటున్నా. ఆ దెబ్బలు ఆపే ఉపాయం నాకు మొదటి రోజే తెలుసు. చెప్పలేదు.

చలికాలం, సావా నది ఒడ్డున మా క్లబ్ ట్రాక్. నాది మూడో లేన్. కొత్తగా చేరిన వుకాన్‌ది నా కుడి పక్కన నాలుగోది. ప్రాక్టీసు కాబట్టి హర్డిల్స్ ఇద్దరికీ ఒకేలా పెట్టారు. నేను ఎడమ కాలు ముందు వేసి దూకుతా, అతను కుడి కాలు. ఏ కాలు ముందుకేస్తే దానికి రెండో వైపు చెయ్యి చాస్తాం, దాంతో నా కుడి చెయ్యీ, అతని ఎడమ చెయ్యీ గాల్లో ఠపీమని కొట్టుకున్నాయి.

"కళ్ళు కనిపించవా?" అన్నాను.

"కనిపిస్తాయి. ముందు నీ మోచెయ్యే కనిపించింది."

"నా లేన్‌లోకొచ్చావ్."

"గాలికి కూడా లేన్లుంటాయా, మహారాణీ?"

మా కోచ్ స్లావిత్సా మేడమ్ పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఉమ్మేసి, "పోటీలో పక్కవాళ్ళు ముద్దులు పెట్టరు, ఇలాగే తగులుతారు. అలవాటు చేసుకోండి," అంది.

చేసుకున్నాం. నేను కాస్త ఎక్కువే చేసుకున్నా.

ప్రతి హర్డిల్ దగ్గరా ఒక దెబ్బ. చెయ్యంతా నీలం. కాలేజీలో అడిగితే తలుపు తగిలిందని చెప్పేదాన్ని. ఒకసారి వానకి గ్యాలరీ కింద నిలబడ్డప్పుడు వుకాన్ చల్లటి పెరుగు డబ్బా నా చేతికి ఆనించి, తను తింటున్న బురెక్ అనే పొరల రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు.

"సారీ దున్యా. రేపు మళ్ళీ కొడతా."

"రేపు నేనే ముందు కొడతా."

నేను చదివేది ఎలక్ట్రానిక్స్. లేన్లు అటూ ఇటూ మార్చుకుంటే చేతులు బయటివైపుకి ఊగుతాయి, అసలు తగలవు. ఒక్క లైను కోడ్‌తో పోయే బగ్ లాంటిది అది. నేను ముట్టుకోలేదు. వుకాన్ కూడా మొద్దేం కాదు. తెలిసీ చెప్పట్లేదంటే ఇంకేం అర్థం ఉంటుంది?

మంచు కరిగాక, మనసులో మాట నేనే చెప్పేద్దామని తేల్చుకున్నా. హర్డిల్స్ ప్రాక్టీసుకి ఎవరైనా లిప్‌స్టిక్ వేసుకుంటారా? వేసుకున్నా.

"దున్యా, ఒకటి అడగనా?" అన్నాడు అతనే ముందు.

"అడుగు." నా గుండె అప్పటికే ఆఖరి హర్డిల్ దాటేసింది.

"లేన్లు మార్చుకుందామా? చేతులు తగలవు. నా చెయ్యి చూసి, 'నిన్నెవరు కొడుతున్నారు?' అని నెవెనా రోజూ గొడవ."

"నెవెనా ఎవరు?"

"చెప్పలేదా? కొత్త సంవత్సరం నుంచీ ఇద్దరం కలిసే తిరుగుతున్నాం."

నేను నా చెయ్యి చూసుకున్నా. "లేన్ల సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మరి చెప్పలేదేం?"

అతను వంగి బూటు లేసు కట్టుకుంటూ, "బద్ధకం," అన్నాడు. "నువ్వూ చెప్పలేదుగా?"

"నాదీ అదే."

నాలుగో లేన్‌లో పరిగెత్తా. ఏదీ తగల్లేదు. స్లావిత్సా మేడమ్ స్టాప్‌వాచ్‌ని రెండుసార్లు చూసుకుంది.

"ఇన్నాళ్ళకి సరిగ్గా పరిగెత్తావే అమ్మాయ్. ఏం చేశావ్?"

"లేన్ మారాను మేడమ్."

చేతి మీద నీలం మెల్లగా పసుపైంది. తర్వాత అదీ పోయింది. పోతుంటే రోజూ చూసుకున్నా.

మీరూ ఎవరి కోసమైనా దెబ్బలు తింటూ నోరు మూసుకున్నారా? అవతలివాళ్ళది వట్టి బద్ధకమని తర్వాత తెలిసిందా? కింద రాయండి, చదువుతా. లిప్‌స్టిక్ సంగతి మాత్రం దాచకండి.