గాలి పొర మీద ముప్పై ఏడుగురు

ఉదయం ఎనిమిదీ పదికి, బెంగళూరు కాడుగోడి రైల్వే స్టేషన్‌లో, మంజునాథ్ అనే హార్డ్ డిస్క్ ఇంజనీర్ బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన చుక్క. ఒళ్ళో టిఫిన్ బాక్స్. అందులో ఇడ్లీల కింద బొటనవేలంత ఇత్తడి నాజిల్.

గంటన్నర తర్వాత ఆ నాజిల్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో, డైనింగ్ టేబుల్ మీద ఉంది. అటువైపు చీఫ్ శాంతమ్మ. ఇటువైపు ఏజెంట్ బాలరాజు.

"హార్డ్ డిస్క్ ఎట్లా పనిచేస్తుందో తెలుసునా?"

"తిరుగుతుంది మేడమ్."

"తిరిగేది పళ్ళెం. చదివేది స్లైడర్. అది పళ్ళేన్ని తాకదు. గాలి పొర మీద తేలతా ఉంటాది. ఎత్తు కొన్ని నానోమీటర్లు. వెంట్రుక మందంలో పదివేలో వంతు. ఆ పొర నిలకడగా ఉన్నంతసేపే దాని బతుకు. వణికిందా, పళ్ళెం మీద పడి గీరేస్తుంది. వణికించేదానికి చెయ్యి అక్కర్లేదు, శబ్దం చాలు అని మంజునాథ్ కనిపెట్టినాడు."

ఆమె నాజిల్‌ను వేలితో దొర్లించింది. "ఇది మనకు తెచ్చిస్తా ఉండగానే చంపేసినారు. మంటలొస్తే ఆర్పే గ్యాస్ వదిలేది ఇది. లోపల ఎవరో కోసి మార్చినారు. ఇప్పుడు దీంట్లోంచి గ్యాస్ వస్తే నూట ముప్పై డెసిబెల్స్ ఈల."

"టార్గెట్?"

"దేవనహళ్ళి వాల్ట్."

ఆ వాల్ట్‌లో ఉన్నది ఒకే ఒక డిస్క్. నకలుంటే దొంగతనం జరుగుతుందని నకలే తీయలేదు. దాంట్లో ముప్పై ఏడు పేర్లు, మారుపేర్లతో పరాయి దేశాల్లో బతుకుతున్న మనవాళ్ళవి. ఆ జాబితా పోతే వాళ్ళు మనవాళ్ళని చెప్పే ఆధారం ఉండదు, తిరిగి వచ్చే దారీ ఉండదు. అందులో ఒకరు అతని చెల్లెలు అర్చన. ఆరేళ్ళ కిందట ఎయిర్‌పోర్టులో ఇద్దరూ ఒకే క్యూలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళలా నిలబడ్డారు. చెయ్యి ఊపడానికి కూడా పర్మిషన్ లేదు.

"డిస్క్ ఆపేస్తే?"

"తొమ్మిదేండ్లుగా తిరుగుతా ఉండాది. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో! పోయి నాజిల్స్ చూడు, గ్యాస్ వాల్వు మూసెయ్. లోపల ఉండేది ఇద్దరే. టెక్నీషియన్ గోపాలప్ప, మన ఏజెంట్ చైత్ర. ఒకరు అమ్ముడుపోయినారు."

"చైత్ర మన మనిషే కదా మేడమ్?"

"ఎవరు చెప్పినారు? చైత్రే కదా."

మధ్యాహ్నం పన్నెండుకు ఏసీ మెకానిక్ యూనిఫాంలో బాలరాజు వాల్ట్ మెట్లు దిగాడు. అద్దాల తలుపు దగ్గర చైత్ర నిలబడి ఉంది. ఆయుధ పూజ కదా, నెమలికంఠం రంగు పట్టుచీర, ముడిలో వెండి పిన్ను.

"ఫిల్టర్ మార్చాలా?"

"గాలి మార్చాలి," అన్నాడు బాలరాజు. కోడ్ కలిసింది. "గ్యాస్ వాల్వు తాళం ఎక్కడ?"

ఆమె గొంతు తగ్గించింది. "గోపాలప్ప దగ్గర. పొద్దుట్నుంచి ఆ సంచీ వదలడం లేదు. ఒక కన్నేసి ఉంచండి."

లోపల ర్యాక్‌కు అరటి పిలకలు, చామంతి దండ, విభూతి పట్టీలు. గోపాలప్ప సంచీలో బాలరాజు తొంగిచూశాడు. బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయలు, గుప్పెడు కర్పూరం. తాళం లేదు.

"తాళమా? పోయినవారమే చైత్రమ్మ తీసుకొనింది గదప్పా!" అన్నాడు గోపాలప్ప.

ఇద్దరిలో ఒకరిది అబద్ధం. బాలరాజు టార్చి పైకెత్తాడు. టార్చిలోని కెమెరా సీలింగ్ నాజిల్స్‌ను పెద్దవి చేసి చూపించింది. నాలుగూ కోసినవే.

"పూజ ప్రతి ఏడూ బయటే చేస్తాము," గొణిగాడు గోపాలప్ప. "ఈసారి లోపలే చెయ్యమని ఆర్డర్ వచ్చింది. మిషను తిరగతా ఉంటే పూజేందో!"

"మా ఇంట్లోనూ అంతే పెద్దాయనా," అంది చైత్ర తియ్యగా. "మగ్గాలు ఆడుతుండగానే హారతి ఇచ్చేవాళ్ళం." అంటూనే అగ్గిపుల్ల గీసి, గోపాలప్ప కర్పూరం పోసిన హారతి పళ్ళెంలో పడేసింది.

గుప్పెడు కర్పూరం ఒక్కసారిగా భగ్గుమంది. నల్లటి పొగ సీలింగ్‌కు తగిలింది. సైరన్ మోగింది. ముప్పై సెకన్లలో గ్యాస్ విడుదలవుతుందని మెషిన్ గొంతు చెప్పింది.

బాలరాజు క్యాన్సిల్ బటన్ నొక్కాడు. వైరు తెగి ఉంది. అతని పిస్టల్ కర్పూరం తెచ్చిన గోపాలప్ప వైపు తిరిగింది.

"నన్ను ఆమేల కాలుద్దువు గానీ, ముందు డిస్కు ఆపప్పా! కరెంటు పోతే స్లైడరు దానంతటదే పక్కకు పోయి పడుకుంటాది. ఇంక ఈల వేసినా పళ్ళెం మీద పడేదేముండాది?"

"ఆపొద్దు!" అరిచింది చైత్ర. "తొమ్మిదేళ్ళ డిస్క్. ఆపితే మళ్ళీ లేవదు. ముప్పై ఏడు మందినీ మీ చేత్తో చంపుతారా?"

పద్నాలుగు. పదమూడు. ఆమె చెప్పేది శాంతమ్మ భయమే. బాలరాజు భయమూ అదే.

"మగ్గమోళ్ళింట్లో పుట్టినోన్ని నేను!" గోపాలప్ప చైత్ర వైపు వేలు చూపించాడు. "పూజ దినం మగ్గం ఆడించేటోళ్ళు యాడుండారప్పా? దాన్ని ముట్టను కూడా ముట్టం. ఈమె మగ్గాన్ని బొమ్మలో కూడా చూసుండదు!"

చైత్ర ఫైలు మొదటి లైను బాలరాజుకు కంఠతా వచ్చు. 'బెంగళూరు నేతగాళ్ళ కుటుంబం.' మొదటి లైనే అబద్ధమైతే మిగతాదంతా?

ఆరు. ఐదు.

యూపీఎస్‌తో సహా అన్నిటినీ ఆపే ఎర్ర స్విచ్ మీద అతని పిడికిలి పడింది. తొమ్మిదేళ్ళ హోరు సన్నగిల్లింది, ఆగింది. మరుక్షణం నాలుగు నాజిల్స్ ఈల వేశాయి. పళ్ళు జివ్వుమన్నాయి. చైత్ర ముడిలోంచి పిన్ను లాగి అతని మెడ మీదికి దూకింది. ఆమె కాళ్ళ ముందు గోపాలప్ప గుమ్మడికాయను బలంకొద్దీ పగలగొట్టాడు. పట్టుచీర ఆ గుజ్జు మీద జారి ఆమె నేల కరిచింది. గ్యాస్‌కు ఊపిరి ఆగకముందే ఇద్దరూ కలిసి ఆమెను బయటికి ఈడ్చారు.

పూజకు పెట్టినదాన్ని ఆ పూట ముట్టేది లేదని గోపాలప్ప మొండికేశాడు. తెల్లవారి, విజయదశమి ఉదయం, శాంతమ్మ స్వయంగా వచ్చింది. స్విచ్ వేశారు. ఒక సెకను. మూడు. ఏడు. డిస్క్ ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది.

శాంతమ్మ స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టి చదువుకుంది. "ముప్పై ఏడూ ఉండాయి."

"మేడమ్, అర్చన..."

"ఉండాదప్పా."

బాలరాజు గోడవైపు తిరిగి, ఏసీ ఫిల్టర్ చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు.

"గోపాలప్పా, నీకేం కావాలో అడుగు," అంది శాంతమ్మ.

"నిన్నా ఇయ్యాలా పండగపూట డ్యూటీ చేయించినారు మేడమ్. దానికి బదులు రెండు దినాలు సెలవు, కాంప్-ఆఫ్ ఇప్పించండి."

శాంతమ్మ ఇబ్బందిగా కదిలింది. ముప్పై ఏడు మంది గూఢచారులను ఒక్క ఫోన్‌తో వెనక్కి రప్పించే అధికారం ఆమెకుంది. కాంప్-ఆఫ్‌కు మాత్రం ఢిల్లీ నుంచి సంతకం రావాలి.