తేతా సగంలో ఆపిన మాట

“తేతా! ఫోన్ పెట్టెయ్! మళ్ళీ ఆగిపోయింది!”

జుమానా హాల్లోంచి అరిచింది. ఆమె అమ్మమ్మని తేతా అనే పిలుస్తుంది. వాళ్ళుండే తాంతా ఊళ్ళో పిల్లలందరూ అలాగే పిలుస్తారు.

లోపలి గదిలో అమ్మమ్మ అప్పటికే గొంతు పెంచి మాట్లాడుతోంది. “తప్పంతా నీదేనే విదాద్! ఆరోజు పెళ్ళిలో...”

అరుపు వినగానే ఉలిక్కిపడి, మిగతా మాట మింగేసి, రిసీవర్ పెట్టేసింది.

హాల్లో అమ్మ ఇనాస్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర మీద, ఎక్కడో దూరదేశంలో ఉన్న అబ్బాయి నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయాడు. రూటర్ మీది పచ్చ లైటు ఆరుతూ వెలుగుతోంది.

అమ్మ పొద్దున బడిలో పాఠాలు చెబుతుంది. మధ్యాహ్నం నుంచి ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో విదేశీ పిల్లలకి అరబిక్ నేర్పుతుంది. ఆ రెంటి మధ్య ఆమె నడుం వాల్చేది బస్సులోనే. అదీ సీటు దొరికితే.

“క్లాసు ఇంకోసారి తెగితే నా పిల్లల్ని వేరే టీచర్‌కి ఇచ్చేస్తారట. పొద్దున్నే మెసేజ్ పెట్టారు,” అంది అమ్మ. కోప్పడే ఓపిక కూడా ఆమె గొంతులో లేదు.

వారం రోజులుగా ఇదే గోల. ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోంది, లేదా ఆ నడకా మానేస్తోంది. రూటర్‌ని కాసేపు ఆపి మళ్ళీ పెట్టారు. బల్ల మీంచి బీరువా మీదికి ఎక్కించారు. పై అంతస్తు వాళ్ళు తమ వైఫై వాడేస్తున్నారేమోనని పాస్‌వర్డ్ మార్చారు. కొత్త పాస్‌వర్డ్ అమ్మే మర్చిపోయింది. ఆ ఇంట్లో అందరూ అలిసిపోయారు, రూటర్‌తో సహా.

ఆరోజు జుమానా అరుపు విన్నాక అమ్మకి ఒక సంగతి తట్టింది. “అమ్మా, నువ్వు ఫోన్ ఎత్తినప్పుడల్లా పోతోంది చూశావా?”

అమ్మమ్మ గడప దగ్గర నిలబడి కాసేపు ఆలోచించింది.

“ఉన్నది ఒక్క తీగ కదే ఇనాస్! నీ క్లాసులూ, నా కబుర్లూ, రెండూ అదే మొయ్యాలి. అదీ నాలాగే ముసలిదైపోయింది పాపం.”

అలా అని వెళ్ళి ఫోన్ వైరు గోడలోంచి పీకేసింది. ఎవరూ అడగలేదు. తనే పీకేసింది.

ఆ రోజు నుంచి క్లాసులు తెగలేదు. అమ్మ మొహంలో కాస్త తెరిపి కనిపించింది. అమ్మమ్మ గదిలో మాత్రం మాటే లేకుండా పోయింది.

అంతకు ముందు రోజూ మధ్యాహ్నం అసర్ నమాజు కాగానే అమ్మమ్మ పుదీనా టీ గ్లాసుతో ఫోన్ పక్కన కూర్చునేది. దమియత్తా ఊళ్ళో ఉండే చెల్లెలు విదాద్ కూడా అక్కడ ఒక గ్లాసు పెట్టుకుని కూర్చునేది. విదాద్‌కి చూపు లేదు. తడిమి తెలుసుకోగలిగిన ఆ పాత ఫోన్ తప్ప ఇంకే ఫోనూ ఆమెకి చేతకాదు. సాయంత్రమైతే విదాద్ మనవలు ఇంటికి వచ్చి గోల మొదలుపెడతారు. ఇక ఏమీ వినపడదు. అక్కచెల్లెళ్ళకి దొరికేది ఆ మధ్యాహ్నం వేళే. అది కాస్తా అమ్మ క్లాసుల వేళ అయి కూర్చుంది.

అమ్మ తన మొబైల్ ఇవ్వబోయింది. అమ్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. “అప్పడంలా ఉంది. ఇందులో చెవి ఎక్కడ, నోరు ఎక్కడ? ఒక్క ముక్కా వినపడదు. వద్దులే తల్లీ. ఫర్వాలేదు.”

‘ఫర్వాలేదు’ అని ఆమె చాలాసార్లు అంది. గ్లాసులో టీ మాత్రం చల్లారిపోతూనే ఉంది.

జుమానాకి అది చూడబుద్ధి కాలేదు. చూడనట్టు ఉండబోయింది. హోంవర్కు వంటింట్లో కూర్చుని చేసుకుంది.

అక్కడే దొరికిపోయింది.

అమ్మ బెండకాయలు తరుగుతోంది. ఇంతకు ముందు చేసిన ఫిర్యాదుకి టెలిఫోన్ ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేశారు. చేతులు జిగటగా ఉన్నాయని అమ్మ మొబైల్‌ని స్పీకర్‌లో పెట్టింది.

“మీ ఇంట్లో ఫోన్లు ఎన్ని మేడమ్?”

“ఒక్కటే. మా అమ్మ గదిలో.”

“దానికి ఫిల్టర్ ఉందా? చిన్న తెల్ల డబ్బా. గోడకీ ఫోన్‌కీ మధ్యలో పెడతాం. మాటలూ ఇంటర్నెట్టూ ఒకే తీగలో వస్తాయి కదా, అది లేకపోతే ఒకదాని గోల ఇంకోదాని మీద పడుతుంది. నెట్ స్లో అవుతుంది, తెగిపోతుంది.”

“ఉంది బాబూ. అప్పట్లో మీ వాళ్ళే పెట్టి వెళ్ళారు.”

“అయితే లైను పాతదై ఉంటుంది. ఫోన్ తీసేసి ఉంచుకోండి.”

“తీసేశాం. ఇప్పుడు బాగానే ఉంది.”

“ఇంకేం మేడమ్, సరిపోయింది!” అని ఆయన పెట్టేశాడు.

జుమానా పెన్సిల్ కింద పెట్టేసింది.

ఆ తెల్ల డబ్బా ఆ ఇంట్లో లేదు. బడిలో ఉంది. ‘మా వీధి’ అని తనూ క్లాసులో స్నేహితురాలు మరీనా కలిసి అట్టలతో కట్టిన నమూనాలో, మేడ మీద పావురాల గూడై కూర్చుంది. దాని కన్నాలు అచ్చం పావురాలు దూరే గుమ్మాల్లా ఉంటాయి. అందుకే తీసుకుంది. తీసి, ఫోన్ వైరు నేరుగా గోడలో గుచ్చి, రిసీవర్ చెవికి పెట్టి చూసింది. ఫోన్ ఎప్పటిలాగే పలికింది. అయితే ఈ డబ్బాతో పనే లేదన్నమాట, అనుకుంది. అడగాలని కూడా తోచలేదు.

రేపే ప్రదర్శన. క్లాసు టీచర్ మిస్ నివీన్ అందరి ముందూ మెచ్చుకున్నది ఆ గూడునే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్ బాగుంది. అమ్మ బాగుంది. అంతా సర్దుకుపోయింది, ఒక్క తేతాకి తప్ప.

జుమానా అమ్మమ్మ గదిలోకి వెళ్ళింది. అమ్మమ్మ కొంగుతో ఫోన్ మీది దుమ్ము తుడుస్తోంది.

“ఎందుకు తేతా, పని చెయ్యని దాన్ని తుడవడం?”

“ఊరికే. విదాద్ అక్కడ కూర్చునే ఉంటుంది,” అంది అమ్మమ్మ. “తప్పంతా నీదేనని చెప్పి ఠక్కున పెట్టేశాను. మిగతాది చెప్పనేలేదు. నాకు కోపం వచ్చిందనుకుంటోంది. ఆ పిచ్చిది ఏడుస్తూ కూడా ఉంటుంది.”

ముందు డబ్బా తేవాలి, ఆ తర్వాతే చెప్పాలి అనుకుంది జుమానా.

మర్నాడు పెందలాడే బడికి వెళ్ళింది. మరీనా అప్పటికే వచ్చి నమూనా మీద దుమ్ము ఊదుతోంది.

“మరీనా, గూడు పీకేయాలి.”

“నీకేమైనా పిచ్చా? ఇంకో గంటలో అందరూ వస్తారు!”

“అది మా తేతా ఫోన్‌ది. నేను అడక్కుండా తెచ్చేశాను.”

“సాయంత్రం తీసుకెళ్ళొచ్చుగా!”

జుమానాకి కూడా అది సబబే అనిపించింది. కానీ ప్రదర్శన అయ్యేసరికి చీకటి పడుతుంది. అంటే విదాద్ తేతా ఇంకో మధ్యాహ్నం ఒక్కతే కూర్చోవాలి.

పీకేసింది. జిగురుతో పాటు మేడ కప్పు సగం ఊడి వచ్చింది. మరీనా కళ్ళనీళ్ళతో అటు తిరిగిపోయింది. మిస్ నివీన్ వచ్చి చిరిగిన కప్పునీ, జుమానా గుప్పిటనీ చూసింది.

“ఇప్పుడే కావాలా అది?”

“ఇప్పుడే కావాలి మిస్. మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళాలి.”

మిస్ నిట్టూర్చింది. “సరే. ముందు ఆ చిరిగినచోట ఏదైనా అతికించు.”

జుమానా అట్ట ముక్క అతికించింది. అది వంకరగా వచ్చింది. ఆ రోజంతా మరీనా ఆమెతో మాట్లాడలేదు.

ఇంటికి చేరేసరికి అమ్మ క్లాసు మొదలైపోయింది. జుమానా చప్పుడు కాకుండా అమ్మమ్మ గదిలోకి వెళ్ళి గుప్పిట విప్పింది.

“తేతా, తీగ ముసలిది కాదు. ఇది లేక అలా అయింది. నేనే తీశాను. తప్పు నాది.”

అమ్మమ్మ డబ్బాని తిప్పి చూసింది. దాని మీద అక్కడక్కడా నీలం రంగు అంటుకుని ఉంది.

“నేను పీకింది చాలక నువ్వు కూడా పీకావా!” అంది.

జుమానా పుల్లతో కన్నాల్లోని జిగురు తీసింది. డబ్బాని గోడకి గుచ్చింది. ఫోన్ వైరు డబ్బాకి గుచ్చింది. రిసీవర్ ఎత్తి అమ్మమ్మ వైపు చాపింది.

అమ్మమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. “వద్దే! మీ అమ్మ క్లాసు!”

జుమానా తలుపు సందులోంచి హాల్లోకి చూసింది. పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. తెర మీద అబ్బాయి తడబడుతూ, ఆగకుండా చదువుతున్నాడు.

నంబరు తనే నొక్కింది. అటు ఒక్కసారి మోగిందో లేదో, ఎత్తేశారు.

“విదాద్ తేతా? నేను జుమానాని. ఆరోజు మా తేతాని సగం మాటలో ఆపించింది నేనే. మిగతాది ఇప్పుడు చెబుతుంది, విను.”

రిసీవర్ అమ్మమ్మ చేతిలో పెట్టింది.

“విదాద్... ఏడవకే పిచ్చిదానా, నన్ను చెప్పనీ! తప్పంతా నీదేనన్నాను కదా... ఆరోజు పెళ్ళిలో నన్ను అంతగా నవ్వించింది నువ్వు కాదూ? పెళ్ళికొడుకు మొహం మీద షర్బత్ ఉమ్మేసింది నేనైతే మాత్రం, నవ్వించింది ఎవరే?”

అటునుంచి ఏం వినపడిందో గాని అమ్మమ్మ పకపకా నవ్వింది. హాల్లో అమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. రూటర్ కేసి చూసింది. పచ్చ లైటు కదలలేదు.

నవ్వు క్లాసులోకి పోకుండా జుమానా గది తలుపు మెల్లగా దగ్గరకి వేసింది. వచ్చి అమ్మ పక్కన, తెరలో కనపడకుండా నేల మీద కూర్చుంది. క్లాసు అయ్యేదాకా కదలలేదు. అమ్మకి చెప్పాల్సింది ఇంకా ఉంది.